వెయిటింగ్ లిస్టులో ఒకటో నంబరు

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఆ వేసవిలో నా చేతిలో రెండు కాలేజీల సీట్లు ఉండేవి. వాటిలో ఒక కాలేజీ వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నా స్నేహితురాలిది. నేను వద్దంటే ఆ సీటు తనదే. ఈ సంగతి నాకూ తెలుసు, తనకూ తెలుసు. తొమ్మిది రోజులపాటు ఇద్దరం ఒకే ఊళ్ళో, ఒకే మైదానానికి వెళ్ళి వస్తూ కూడా ఆ మాట ఒక్కసారే ఎత్తాం.

మేం ఆడేది గోల్ఫ్. మా రెండిళ్ళల్లోనూ అంతకుముందు ఎవరూ ఆడని ఆట. మా నాన్న సినిమా ఎడిటర్. సొంతూరు తెనాలి దగ్గర. నేను పుట్టకముందే వచ్చి ఫిల్మ్ నగర్‌లో స్థిరపడ్డాడు. ఆయన ఎడిటింగ్ గది మా అపార్ట్‌మెంటుకు రెండు వీధుల అవతల. నాకు పదేళ్ళప్పుడు ఒక నిర్మాత, సినిమా నిడివి గురించి మాట్లాడాలని, నాన్నను గోల్కొండ దగ్గరి గోల్ఫ్ కోర్సుకు రమ్మన్నాడు. ఆ రోజు ఇంట్లో నన్ను చూసుకునేవాళ్ళు లేక వెంటబెట్టుకు వెళ్ళాడు. ఏ పాట తీసెయ్యాలో వాళ్ళిద్దరూ తేల్చుకునేలోపు, విసుక్కుంటున్న నా చేతికి అక్కడి కోచ్ సర్ పొట్టి స్టిక్ ఒకటి ఇచ్చి, బుట్టెడు బంతులు ముందు పోశారు. బుట్ట ఖాళీ అయ్యేదాకా నేను కదల్లేదట. పాట సంగతి ఏమైందో నాకు తెలియదు. నేను మాత్రం వారంలోగా పిల్లల బ్యాచ్‌లో చేరాను.

నా స్నేహితురాలు వచ్చిన దారి వేరు. వాళ్ళ నాన్న ఆ కోర్సులోనే గడ్డి పని చేసేవాళ్ళ మీద మేస్త్రీ. ఏ గడ్డి ఎప్పుడు కొయ్యాలి, ఎక్కడ ఎంత నీళ్ళు పెట్టాలి అన్నది ఆయన చెప్పినట్టే జరిగేది. ఇల్లు టోలిచౌకిలో. సోమవారం సభ్యులకు సెలవు. ఆ రోజు అక్కడ పనిచేసేవాళ్ళూ వాళ్ళ పిల్లలూ ఆడుకోవచ్చు. తను ఆ సోమవారాల్లోనే ఆట నేర్చుకుంది. పన్నెండేళ్ళప్పుడు కోచ్ సర్ కంటబడి మా బ్యాచ్‌లోకి వచ్చింది. బంతిని దూరం కొట్టడంలో నేను ముందుండేదాన్ని. బంతి పడాల్సిన గుంట దగ్గరికి వచ్చాక మాత్రం తనే. ఆ గడ్డి ఎటు వాలి ఉందో, బంతి ఎటు తిరుగుతుందో వంగి చూడకుండానే చెప్పేది.

ఆరేళ్ళు అలా కలిసి ఆడాం. పొద్దున్నే ప్రాక్టీసు, తర్వాత టోలిచౌకిలో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, అక్కణ్ణుంచి నేను మా అమ్మ కారులో, తను ఆటోలో, ఎవరి స్కూలుకు, తర్వాత ఎవరి కాలేజీకి వాళ్ళం. నా తెనాలి యాసకు తను నవ్వేది, తన తెలంగాణ యాసకు నేను నవ్వేదాన్ని. 'గట్లనా అండీ' అని నన్ను ఏడిపించేది.

బెంగళూరులో ఒక కాలేజీ ఏటా గోల్ఫ్ ఆడే అమ్మాయికి ఒక్క సీటు ఇస్తుందని కోచ్ సర్ చెప్పారు. బీకాం, హాస్టలు, దగ్గర్లోనే గోల్ఫ్ కోర్సు, పోటీలకు వెళ్ళిన రోజులకు హాజరు. ఇద్దరం ఒకే రోజు, మా ఇంట్లో ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తులు నింపాం.

"మన ఇద్దరిట్ల ఎవరికొచ్చినా మంచిదే," అంది తను.

"అవును, ఎవరికొచ్చినా ఒకటే," అన్నాను నేను. తను మనస్ఫూర్తిగా అంది. నేను అనాలి కాబట్టి అన్నాను.

ట్రయల్‌కు మా అమ్మ ఇద్దరినీ రైల్లో తీసుకెళ్ళింది. మొత్తం ఏడుగురు అమ్మాయిలు, ఆడాల్సింది తొమ్మిది గుంటలు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో ముగించినవాళ్ళదే గెలుపు. ఎనిమిదో గుంట అయ్యేసరికి మేమిద్దరం మిగతావాళ్ళకంటే బాగా ముందున్నాం, ఇద్దరి లెక్కా సమానం. తొమ్మిదో గుంటలో నా బంతి ముందు పడిపోయింది. తను సమం చెయ్యాలంటే మూరెడు దూరం నుంచి బంతిని లోపలికి నెట్టాలి. అలాంటివి తను రోజుకు వంద వేసేది. బంతి గుంట అంచున సగం చుట్టు తిరిగి బయటే ఆగిపోయింది.

నా లోపల ఏదో తేలికపడింది. ఆ తర్వాతే "అయ్యో" అన్నాను. అది ముందు, ఇది తర్వాత అని నాకొక్కదానికే తెలుసు. తను టోపీ సర్దుకుని, నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపింది. స్టేషన్‌కు వెళ్ళే దారిలో మా అమ్మ ఇప్పించిన మసాలా దోసె మొత్తం తింది. నేను సగం వదిలేశాను.

శనివారం జాబితా వచ్చింది. మొదటి పేరు నాది. దాని కింద, వెయిటింగ్ లిస్టు ఒకటో నంబరులో తను. ఆదివారం సీటు కావాలని ఆన్‌లైన్‌లో ఒప్పుకున్నాను. రెండు వారాల తర్వాతి సోమవారం అసలు సర్టిఫికెట్లతో హాజరు కావాలి.

అంతటితో కథ అయిపోవలసింది. బుధవారం ఇంకో మెయిల్ వచ్చింది. ఢిల్లీ దగ్గరి ఒక ప్రైవేటు యూనివర్సిటీకి చలికాలంలో ఏదో ఒక దరఖాస్తు పెట్టి మర్చిపోయాను. అంతకుముందు ఏడాది జూనియర్ల పోటీలో నా ఆట చూసిన వాళ్ళ కోచ్, స్కాలర్‌షిప్‌తో సీటు ఇస్తామని రాశాడు. ఆరుగురు అమ్మాయిల జట్టు, సొంత ప్రాక్టీసు మైదానం, వానాకాలంలో గది లోపలే బంతి కొట్టి దూరం చూసుకునే తెర. వీడియో కాల్‌లో ఆ జట్టులోని ఒక సీనియర్ మాట్లాడింది. భోజనం బాగుండదని, చలికి వేళ్ళు పనిచెయ్యవని, అయినా రోజూ ఆట తప్పదని చెప్పింది. ఆ అమ్మాయి మాటతీరు నాకు నచ్చింది.

ఆ రోజు నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోయాను. నోట్‌బుక్‌లో గీత గీసి అటూ ఇటూ కాలేజీల మంచిచెడ్డలు రాశాను. సాయంత్రానికి అటువి ఇటు, ఇటువి అటు మార్చాను. మర్నాడు పేజీ చింపి మళ్ళీ మొదలుపెట్టాను. కోచ్ సర్ ఢిల్లీ అన్నారు. పెద్ద పోటీలన్నీ అటువైపే జరుగుతాయని ఆయన లెక్క. అమ్మ బెంగళూరు అంది. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడల్లా మా ఇద్దరికీ అదే వాదన.

"ఎక్కడో అంత దూరం ఎందుకే? బెంగళూరైతే ఒంట్లో బాలేదన్నా తెల్లారేసరికి వచ్చేస్తాను."

"ఒంట్లో ఎందుకు బాలేకుండా పోతుందమ్మా?"

"అయితే ఢిల్లీ వెళ్తావా?"

"అని నేను అన్నానా?"

"ఏదో ఒకటి చెప్పవే. నీ ఫ్రెండు కూడా ఎదురుచూస్తోందిగా పాపం."

పచ్చ లైటు పడింది. వెనకనించి హారన్లు మోగాయి. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున ప్రాక్టీసులో నా స్నేహితురాలు నా పక్కనే నిలబడి బంతులు కొడుతోంది. ఢిల్లీ మెయిల్ సంగతి కోచ్ సర్ తనకి చెప్పినట్టున్నారు. స్టిక్ కిందికి దించి మామూలుగానే అడిగింది.

"బెంగళూరు పోతున్నవా, ఢిల్లీ పోతున్నవా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"సరే. అనుకున్నంక జర ముందుగాల చెప్పు. అంతే."

"చెప్తాను."

తను తల ఊపి మళ్ళీ బంతి సర్దుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. అడిగితే బాగుండును. అడగకపోవడంతో పక్కన నిలబడడమే నాకు కష్టమైపోయింది. తను బంతి కొట్టిన చప్పుడు విన్నప్పుడల్లా నన్నే ఏదో అడిగినట్టు ఉండేది. ఎండ ఎక్కువగా ఉందని ఇంట్లో వంక చెప్పి, శనివారం నుంచి ప్రాక్టీసు సాయంత్రానికి మార్చుకున్నాను. సాయంత్రాలు తను రాదు, ఆ వేళ సభ్యుల రద్దీ ఉంటుంది. పొద్దున పూట ఊరికే ఫిల్మ్ నగర్ ఎత్తు రోడ్ల మీద నడిచేదాన్ని. స్టూడియో వ్యాన్లు పోతుండేవి, లైట్లు మోసే లారీలు దారికడ్డంగా ఆగి ఉండేవి. ఇంటికొచ్చి స్నానం చేసి, మళ్ళీ ఏం చెయ్యాలో తోచక ఇంకోసారి నడవడానికి వెళ్ళేదాన్ని.

మంగళవారం అమ్మ మామిడిపళ్ళు కొనాలంటే టోలిచౌకి వెళ్ళాం. పళ్ళ బండి దగ్గర నా స్నేహితురాలి నాన్న కనిపించారు. చేతిలో సంచి, డ్యూటీ చొక్కా. నన్ను చూసి నవ్వారు.

"పొద్దున కనపడ్తలేవు బిడ్డా. పానం మంచిగున్నదా?"

"బాగానే ఉన్నానంకుల్. ఎండకని సాయంత్రం వస్తున్నా."

"మంచిది. మా పిల్లకు గీడనే డిగ్రీ కాలేజీల సీటొచ్చింది. బేస్తవారం లోపల అసలు సర్టిఫికెట్లు ఇయ్యాల్నట. ఇస్తే ఇగ మళ్ల చేతికి రావంటున్నరు." నా మొహం చూసి అన్నారు: "నువ్వేం ఫికర్ చేయకు. నీది నువ్వు నిమ్మళంగ ఆలోచన చేస్కో. పెద్ద చదువుల సంగతి, తొందరపడొద్దు."

ఆయన ఏమీ అడగలేదు. అమ్మకు పళ్ళు ఏరి పెట్టి, బండివాడితో బేరం కూడా ఆయనే చేసి వెళ్ళిపోయారు.

బేస్తవారం అంటే గురువారం. నాకు ఆ మాట కొత్త కాదు, విన్నాను, అర్థమైంది. తెలియక జరిగిందని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. అయితే నా గడువు సోమవారం. తల నిండా ఆ సోమవారమే ఉంది. ఇంకా ఆరు రోజులున్నాయి, ఇంకా అయిదు రోజులున్నాయి అని లెక్కపెట్టుకోవడంలో, వాళ్ళకు రెండే ఉన్నాయన్న లెక్క పక్కకు నెట్టేశాను. ఇంటికి వచ్చి మామిడిపండు తింటూ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరిచాను.

గురువారం మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక నాన్న ఎడిటింగ్ గదికి వెళ్ళాను. ఏసీ చలి, తెర మీద ఒక అమ్మాయి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తోంది. నాన్న అదే చూపును రెండు రకాలుగా మార్చి మార్చి చూస్తున్నాడు. అసిస్టెంటు భోజనానికి వెళ్ళాడు. నేను పక్క కుర్చీలో కూలబడ్డాను.

"తేలలేదా?" అన్నాడు తెర వైపే చూస్తూ.

"రెండూ బాగానే ఉన్నాయి నాన్నా. అదే బాధ."

"రెండూ బాగున్నప్పుడు ఏది బాగుందని చూస్తే తేలదమ్మా. ఒకటి తీసేసి చూడు. తీసేశాక ఎక్కడ నొప్పి పుడుతుందో చూసుకో."

"నొప్పి పుట్టకపోతే?"

"అది అక్కర్లేదన్నమాట."

కళ్ళు మూసుకుని ముందు ఢిల్లీ తీసేశాను. వీడియోలో మాట్లాడిన ఆ సీనియర్ అమ్మాయి, చలి, జట్టు, ఏదీ లేదు. దిగులుగా అనిపించింది, నిజంగానే ఏదో పోయినట్టు. తర్వాత బెంగళూరు తీసేశాను. హాస్టలు పోయింది, గోల్ఫ్ కోర్సు పోయింది, ఏమీ అనిపించలేదు. అప్పుడు ఆ హాస్టల్ గదిలో నా స్నేహితురాలు పెట్టె దించుకుంటున్నట్టు కనిపించింది. అక్కడ నొప్పి పుట్టింది.

కళ్ళు తెరిచాను. నాకు ఆ సీటు అక్కర్లేదు. అది తనకు దొరకడం నాకు ఇష్టం లేదు. ఇన్ని రోజులూ పట్టుకుని కూర్చున్నది అందుకు. ట్రయల్ రోజున నా లోపల తేలికపడింది కూడా ఇదే.

నాన్నకు ఏం అర్థమైందో తెలియదు. "మంచినీళ్ళు తాగు," అని సీసా ఇచ్చాడు. అప్పుడైనా అక్కడే ఫోన్ తీసి తనతో మాట్లాడి ఉండాల్సింది. సాయంత్రం నాలుగు కాలేదు, తన కాలేజీ ఆఫీసు ఇంకా మూసి ఉండదు. మాట్లాడలేదు. నాలో కనిపించినదానికి సిగ్గుపడి, ఆ సిగ్గు కాస్త సద్దుమణిగాక చెబుదాంలే అనుకుంటూ ఇంటికి నడిచాను.

శుక్రవారం పదింటికి బెంగళూరు కాలేజీకి సీటు వద్దని మెయిల్ పెట్టి, ఆఫీసుకు ఫోన్ కూడా చేశాను. వెంటనే వెయిటింగ్ లిస్టు వాళ్ళను పిలుస్తామన్నారు. ఆ తర్వాత నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"నేను ఢిల్లీ వెళ్తున్నా. బెంగళూరు వదిలేశాను. వాళ్ళు నీకు ఫోన్ చేస్తారు."

"చేసిన్రు ఇప్పుడే."

"మరి?"

"నిన్న చేరిన నేను ఈడ. సర్టిఫికెట్లు ఇచ్చినం."

"అయ్యో, ఒక్క ఫోన్ చేసి ఉంటే..." అన్నాను.

"ఎవరు?" అంది తను.

గట్టిగా అనలేదు. తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది. అంతలోనే, "బస్సొచ్చింది, పెడుతున్న," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం నాన్నకు అంతా చెప్పాను, నొప్పి ఎక్కడ పుట్టిందన్నదొక్కటి తప్ప. ఆయన చెప్పులు వేసుకుని "పద" అన్నాడు. ఇద్దరం టోలిచౌకిలో వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ చాయ్ పెట్టింది. వాళ్ళ నాన్న కుర్చీ తుడిచి నాన్నను కూర్చోబెట్టారు.

"తప్పు మావైపు జరిగిందండీ," అన్నాడు నాన్న. "ఇక్కడి కాలేజీవాళ్ళతో మాట్లాడే పెద్దవాళ్ళు నాకు తెలుసు. సర్టిఫికెట్లు వెనక్కిప్పిస్తాను. బెంగళూరువాళ్ళు రేపటిదాకా చూస్తామన్నారట."

వాళ్ళ నాన్న కూతురి వైపు చూశారు. తను గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"వద్దంకుల్," అంది. "మా నాన్న రెండు దినాలు డ్యూటీ ఇడిసిపెట్టి గా ఆఫీసు సుట్టు తిరిగిండు. మళ్ల తిప్పను. చేరిన కదా, సదువుకుంట."

"ఇంకోసారి ఆలోచించమ్మా."

"ఆలోచన చేసిననంకుల్. పది దినాలు అదే చేసిన."

వాళ్ళ నాన్న నా ముందు చాయ్ చల్లారిపోతోందని గుర్తుచేశారు. వీడ్కోలు చెబుతూ తను గుమ్మం దాకా వచ్చింది, రోడ్డు దాకా రాలేదు. మర్నాడు బెంగళూరు సీటు రెండో నంబరు అమ్మాయికి వెళ్ళిపోయింది.

నేను ఢిల్లీ వెళ్ళాను. సీనియర్ చెప్పింది అబద్ధం కాదు. భోజనం బాగుండేది కాదు, జనవరిలో పొగమంచుకు బంతి ఎక్కడ పడిందో కనిపించేది కాదు. ఆటలో మరీ పైకి రాలేదు. జట్టులో మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో మూడేళ్ళూ ఆడాను. అక్కడ సంతోషంగానే ఉన్నానని చెప్పడానికి నాకు ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. కానీ ఉన్నాను.

మొదటి ఏడాది సెలవులకు వచ్చినప్పుడు తను నాకు కనపడకుండా తిరిగింది. లేదా నేనే తిరిగానేమో. రెండో ఏడాది డిసెంబరులో ఒక సోమవారం కోచ్ సర్ ఇద్దరినీ కలిపి ఆడమన్నారు. అప్పటికి తను డిగ్రీ చదువుతూనే పొద్దున పూట పిల్లల బ్యాచ్‌కు నేర్పుతోంది. జూబ్లీ హిల్స్ నుంచి కార్లలో దిగే ఏడేళ్ళ పిల్లలు తను చెప్పినట్టు వరసగా నిలబడేవాళ్ళు. రాష్ట్ర స్థాయి పోటీలో ఆ ఏడాది రెండో స్థానం తనదే.

నాలుగు గుంటలు ఆడాం. అయిదో దాని దగ్గర ముందువాళ్ళ కోసం ఆగాల్సి వచ్చింది. రాయి మీద కూర్చున్నాం.

"నిన్ను కావాలని ఆపాను," అన్నాను. "ఆ తొమ్మిది రోజులు. నాకు ఆ సీటు అక్కర్లేదు. నీకు వస్తుందని పట్టుకున్నాను."

తను స్టిక్ చివర అంటిన మట్టిని గోటితో గీకింది.

"ఎరికే," అంది.

"ఎప్పటినుంచి?"

"నువ్వు పొద్దున రాకుండ అయినప్పటి సంది." గోరు తుడుచుకుని, "రోజూ బెంగళూరు బస్సు టైములు చూసేదాన్ని ఫోన్ల. మియాపూర్ల ఎన్నింటికి, మెహిదీపట్నంల ఎన్నింటికి. అన్ని నోటికొచ్చినయి. అవి యాదికొస్తె కోపమొస్తది. నువ్వు యాదికొస్తె అంత రాదు."

ముందువాళ్ళు కదిలారు. తను లేచి బంతి పెట్టుకుంది. ఆ రోజు నా మీద మూడు దెబ్బల తేడాతో గెలిచింది. పదింటికి క్లాసుందని స్కూటీ మీద వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను జూబ్లీ హిల్స్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను, ఆదివారాలు ఆడతాను. తను ఒక స్కూల్లో వ్యాయామం టీచరు. పొద్దున పిల్లల బ్యాచ్ ఇంకా తనదే. మునుపటిలా కాకపోయినా మాట్లాడుకుంటాం. మొన్న తన దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి తల్లి నాకు ఫోన్ చేసింది. కూతురికి రెండు కాలేజీల్లో సీటొచ్చిందట, ఏది మంచిదో తేలడం లేదట.

"మేడమ్ మీ నంబరిచ్చారండీ," అంది ఆవిడ. "తనకంటే మీకే బాగా తెలుసన్నారు. మీరైతే ఏది తీసుకుంటారు?"

ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను. బాల్కనీలో అటూ ఇటూ తిరిగాను. అరగంట కూడా నిలవలేకపోయాను. ఆవిడకే మళ్ళీ ఫోన్ చేసి, ఆ రెండు కాలేజీల పేర్లు, వాటి గడువులు అడిగి, తెలిసినదంతా అప్పటికప్పుడే చెప్పేశాను. అమ్మాయి ఏది ఎంచుకుందో ఇంకా తెలియలేదు.